అన్ని రకాల కేసులూ మీకెందుకు? బెజవాడ, గుంటూరు లా ఆఫీసులు పనిని కుదించుకునే పద్ధతి

విజయవాడలో కోర్టుల కొత్త భవనం 2022 ఆగస్టు 20న ప్రారంభమైంది. అంతకుముందు ఎండలో పరుగెత్తేవాళ్ళం, ఇప్పుడు అంతస్తుల మధ్య పరుగెడుతున్నాం. పదిన్నర దాటాక ఏ లిఫ్టు దగ్గర చూసినా ఒక జూనియర్ చంకలో కట్టలు పెట్టుకుని, "పాస్ ఓవర్ అడుగు, కేసు కాసేపాగి పిలవమను, రెండు నిమిషాల్లో వస్తున్నా" అని ఫోనులో బతిమాలుతూ కనిపిస్తాడు. ఆ కట్టలు ఏమిటో చూడండి: ఒక చెక్కు (చెల్లక తిరిగొచ్చిన చెక్కు) కేసు, ఒక పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావా, ఒక విడాకుల పిటిషను, ఒక యాక్సిడెంట్ క్లెయిమ్. నాలుగూ నాలుగు హాళ్ళలో, నాలుగు చట్టాల కింద. భవనం ఎంత బాగున్నా ఆ కుర్రాడి కష్టం తీరదు. ఆఫీసు కేసులు ఒప్పుకునే తీరు మారితేనే తీరుతుంది.

ఇది హైదరాబాదులో అద్దాల మేడల్లో ఉండే పెద్ద ఫర్ముల కోసం రాసింది కాదు. ఒక సీనియర్, ఇద్దరు ముగ్గురు జూనియర్లు, ఒక గుమాస్తా, గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో రెండు గదుల ఆఫీసు ఉన్నవాళ్ళ కోసం. అలాంటి ఆఫీసుకు ఎవరైనా సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వస్తే ముందు కాఫీ ఇచ్చి పంపించేయండి. తీసుకునే కేసుల రకాలు తగ్గకుండా ఏ సాఫ్ట్‌వేరూ మీ సాయంత్రాలు మీకు తిరిగి ఇవ్వదు.

మొదట డైరీ తీయండి

ఏ రంగంలో స్థిరపడాలో మీ ఇష్టాన్ని బట్టి నిర్ణయించుకోకండి, మీ పాత డైరీని బట్టి నిర్ణయించుకోండి. గత సంవత్సరం వాయిదాల డైరీ, ఫీజు పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ప్రతి కేసుకూ ఒక వరుస రాయండి. కేసు రకం, ఏ కోర్టు, ఏడాదిలో ఎన్ని వాయిదాలు, అందులో మనం సిద్ధంగా లేక అడిగిన వాయిదాలు ఎన్ని, ఒప్పుకున్న ఫీజు ఎంత, చేతికి వచ్చింది ఎంత. ఈ ఆఖరి రెండింటి మధ్య తేడా చూసి కొందరికి నిద్ర పట్టదు, అయినా రాయండి. కేసు తేదీలు డైరీలో తప్పిపోతే ఈకోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ ఉండే 16 అక్షరాల గుర్తింపు నంబరు, అంటే సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదాల చరిత్ర మొత్తం వస్తుంది. ఈ పని ఒక జూనియర్‌కి, గుమాస్తాకి కలిపి అప్పగించండి. ఫీజు అంకెలు మాత్రం మీరే రాయండి.

తర్వాత చిన్న లెక్క. ఒక పార్టిషన్ దావాకు 60,000 మాట్లాడుకున్నారనుకుందాం. ఆరేళ్ళలో 45,000 వచ్చింది. 50 వాయిదాలు. ఎదురుచూపు, తయారీ కలిపి వాయిదాకు రెండు గంటలు వేసుకున్నా 100 గంటలు. అంటే గంటకు 450. ఒక చెక్కు కేసుకు 20,000 మాట్లాడుకుని మొత్తం తీసుకున్నారు. 18 వాయిదాలు, కానీ అదే మేజిస్ట్రేటు కోర్టులో ఆ రోజు మీవే మరో నాలుగు ఉన్నాయి కాబట్టి ఒక్కోదానికి అరగంటే. డ్రాఫ్టింగుకు మూడు గంటలు కలిపితే 12 గంటలు. గంటకు 1,600 పైమాటే.

ఈ లెక్క చూసి పార్టిషన్ దావాలు దండగ అనుకోకండి. మీ దగ్గర ఆ దావాలే ముప్పై ఉంటే గంటల లెక్క తలకిందులవుతుంది. 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చిన సంగతి, దానికి 1985 సెప్టెంబరు 5 కీలక తేదీ కావడం, ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళను అది వదిలేయడం, తర్వాత 2005 కేంద్ర సవరణ, 2020లో దాని మీద సుప్రీంకోర్టు ఇచ్చిన వివరణ, ఇదంతా నోటికి ఉన్నవాడికి కొత్త దావా రాయడం ఒక సాయంత్రం పని. ఏడాదికి ఒక్క దావా చేసేవాడు ప్రతిసారీ మొదటి పేజీ నుంచి చదువుకోవాలి. ఆ చదువుకు కక్షిదారు డబ్బులివ్వడు.

ఊరిని చూసి రంగం ఎంచుకోండి

లెక్కలో రెండు మూడు రకాలు పైకి తేలతాయి. వాటిలో ఒకటి ఎంచుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ కేసులు మీ చుట్టుపక్కల వాటంతటవే పుడుతున్నాయా? అవి ఒకటి రెండు కోర్టుల్లోనే ఉంటాయా? ఒక కేసుకు తయారుచేసిన కాగితం తర్వాత కేసుకు పనికొస్తుందా?

బెజవాడలో ఎన్‌హెచ్-16, ఎన్‌హెచ్-65 కలుస్తాయి. ఆటోనగర్ ఉంది, లారీలున్నాయి, డ్రైవర్ల కుటుంబాలున్నాయి. పైగా మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను ప్రకారం ప్రమాదం ఎక్కడ జరిగినా కుటుంబం నివసించే చోట క్లెయిమ్ వేయవచ్చు. సూర్యాపేట దగ్గర ప్రమాదమైనా బెజవాడ ట్రిబ్యునల్లోనే నడిపించుకోవచ్చు. కాబట్టి యాక్సిడెంట్ క్లెయిములు మూడు ప్రశ్నలకూ నిలబడతాయి. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ నుంచి వస్త్రలత దాకా అరువు మీద నడిచే హోల్‌సేల్ వ్యాపారం ఉంది, అంటే చెక్కు కేసులు, నోటు (ప్రామిసరీ నోటు) దావాలు. గుంటూరులో మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీలు, పత్తి వ్యాపారం. అక్కడ చెక్కు కేసులకు ఒక రుతువు కూడా ఉంటుంది. వేసవిలో సరుకు చేతులు మారుతుంది, చెక్కుల సంగతి వానలు మొదలయ్యాక బయటపడుతుంది. యార్డులో కొన్నవాడు నాగపూర్‌లో ఉన్నా, అమ్మినవాడి ఖాతా గుంటూరు బ్రాంచిలో ఉండి చెక్కు అక్కడ వేస్తే, చెక్కుల చట్టానికి 2015లో వచ్చిన సవరణ తర్వాత కేసు గుంటూరులోనే. ఈ ఒక్క సవరణ గుంటూరు ప్లీడర్లకు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

భూమి కేసుల మీద మాత్రం నాకు అనుమానం. అమరావతి పేరు వినగానే అందరికీ కళ్ళు మెరుస్తాయి. కానీ భూమి అన్నది పేరుకే ఒక రంగం. పాస్ పుస్తకం పేచీ తహసీల్దారు దగ్గర, అప్పీలు ఆర్డీఓ దగ్గర, హక్కు దావా సివిల్ కోర్టులో, 22ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో) పడ్డ సర్వే నంబరు కోసం రిట్ హైకోర్టులో. ఒక్క కక్షిదారు కోసం నాలుగు మెట్లెక్కాలి. దానికితోడు చట్టం కూడా కుదురుగా ఉండదు. 2022 భూ హక్కుల చట్టం కోసం ఎంతమంది రాత్రులు కూర్చుని నోట్సు రాసుకున్నారో, 2024లో అది రద్దయిపోయింది. మీ ఆఫీసులో రెవెన్యూ ఆఫీసులకే కేటాయించగల మనిషి ఉంటే తప్ప ఇందులో దిగకండి.

హైకోర్టు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. 2019 జనవరి 1న మన హైకోర్టు వేరుపడింది, ఆ ఏడాది మార్చి నుంచి అమరావతిలోని నేలపాడులో నడుస్తోంది. పక్కనే కదా అని బెజవాడలో చాలామంది రెండూ చూస్తామంటారు. ప్రకాశం బ్యారేజీ దాటి వెళ్ళి, అక్కడ మీ ఐటం పిలిచేదాకా కూర్చుని తిరిగొచ్చేసరికి ఇక్కడి కోర్టు లేస్తుంది. హైకోర్టు పని ఉన్న రోజు కింది కోర్టు రోజు పోయినట్టే. అక్కడ ఒక స్నేహితుడిని చూసుకుని రిట్లు, అప్పీళ్ళు ఆయనకు పంపండి. కింది కోర్టులో మీ రంగం కేసులు ఆయన మీకు పంపుతాడు.

పాతవి వదిలేయకండి, కొత్తవి ఒప్పుకోకండి

ఒకసారి వకాల్తా వేశాక సరైన కారణం, ముందస్తు నోటీసు లేకుండా తప్పుకోవడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. తప్పుకుంటే చేయని పనికి తీసుకున్న ఫీజు వెనక్కి ఇవ్వాలి. కాబట్టి చేతిలో ఉన్న పాత కేసులు పూర్తయ్యేదాకా మోయాల్సిందే. వాటిని ఒక జూనియర్ పేరున విడిగా ఒక అలమారులో పెట్టండి, సంఖ్య తనంతట తనే తగ్గుతుంది. రెండు మూడేళ్ళు పడుతుంది. తొందరపడి ఎవరికైనా అప్పగిస్తే ఆ కక్షిదారు ఊరంతా చెప్తాడు.

కొత్తవాటి దగ్గరే అసలు పరీక్ష. ప్రాక్టీసు చేసే కోర్టుల్లో వచ్చిన కేసును తగిన ఫీజుకు ఒప్పుకోవాలని నియమం, ప్రత్యేక కారణాలుంటే వద్దనవచ్చని దాని వెనకే మినహాయింపు. అందుకే కాగితాలు తీసుకోకముందే, మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయాలి. కట్ట తీసుకుని నెల తర్వాత వద్దనడం తప్పు, అన్యాయం కూడా.

అపరిచితుడికి చెప్పడం తేలిక. మన ఊరి నుంచి వచ్చే బంధువుకు చెప్పడమే కష్టం. ఆయన పెళ్ళిలో మిమ్మల్ని ఎత్తుకున్నవాడు, గట్టు తగాదా పట్టుకొచ్చాడు, "నువ్వుండగా ఇంకొకరి దగ్గరికి వెళ్ళడమేంట్రా" అంటాడు. ఆయనతో చట్టం మాట్లాడకండి. ఇలా చెప్పి చూడండి: "మావయ్యా, నేను ఈ పొలం కేసులు చూడటం మానేశాను. నా చేతిలో పెడితే నీ పని ఆలస్యమవుతుంది. ఇవే చూసే ఆయన దగ్గరికి నేనే తీసుకెళ్తా, మాట్లాడిపెడతా. ఎప్పుడేం జరిగిందో ఫోనులో నన్నడుగు." వెంట వెళ్ళడం ముఖ్యం. చీటీ మీద నంబరు రాసి పంపితే తప్పించుకున్నాడనుకుంటారు. వెళ్ళి కూర్చోబెట్టి టీ తాగించి వస్తే గౌరవం మిగులుతుంది.

కేసు పంపినందుకు కమీషను ఆశించకండి. న్యాయవాది కాని మనిషితో ఫీజు పంచుకోవడం నియమాల్లో నిషేధం. ఆసుపత్రి దగ్గర క్లెయిములు పట్టుకొచ్చే మధ్యవర్తికి వాటా ఇవ్వడం దీని కిందికే వస్తుంది, ఎంతమంది చేస్తున్నా సరే.

బోర్డు మీద రాయకూడని మాట

ఇక్కడ చాలామంది జారిపడతారు. రంగం ఎంచుకున్నాక ఉత్సాహంగా "చెక్ బౌన్స్ స్పెషలిస్ట్" అని బోర్డు రాయిస్తారు. బార్ కౌన్సిల్ 36వ నియమం బోర్డు, లెటర్‌హెడ్ మీద ఫలానా రకం పనిలో ప్రత్యేకత ఉందని సూచించడాన్ని స్పష్టంగా వద్దంటుంది. బోర్డు కూడా ఓ మోస్తరు సైజులోనే ఉండాలి. 2008 సవరణ వెబ్‌సైటుకు మాత్రం కొంత దారి ఇచ్చింది. పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువుతోపాటు ఏ రంగాల్లో ప్రాక్టీసు చేస్తారో చెప్పవచ్చు. అంతకుమించి పొగడ్తలు, గెలిచిన కేసుల జాబితా, ఇన్‌స్టాగ్రామ్ రీళ్ళు కుదరవు.

మరి జనానికి ఎలా తెలుస్తుంది? తోటి ప్లీడర్ల ద్వారా. బార్ అసోసియేషన్ గదిలో పదిమందికి "నేనిక ఇవే చూస్తున్నా, మిగతావి మీకే పంపుతా" అని చెప్పండి. మిగతావి వాళ్ళకు పంపుతారన్న రెండో ముక్కే వాళ్ళకు గుర్తుంటుంది, మీకు కావలసిందీ అదే. మొదటి ఆరు నెలలు వచ్చేవాటికంటే పోయేవి ఎక్కువ. ఆ ఆరు నెలలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టండి.

మొదటి రోజు కాగితం

ఆఫీసుకు వేగం వచ్చేది వాదనల్లో కాదు, కక్షిదారు మొదటిసారి కూర్చున్నప్పుడు రాసుకునే కాగితంలో. దీని మీద ఒక నెల ఖర్చుపెట్టినా తప్పులేదు. చెక్కు కేసునే తీసుకుని చెప్తాను, మీ రంగం వేరైతే ఇదే పద్ధతిలో మీరు చేసుకోండి.

కాగితంలో పై భాగం తేదీలది. చెక్కు తేదీ, బ్యాంకులో వేసిన తేదీ, చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన తేదీ. చెక్కు మూడు నెలల్లోపు బ్యాంకుకు వెళ్ళాలి. బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజులు ఆగాలి. ఆ తర్వాత నెల లోపు ఫిర్యాదు వేయాలి. నోటీసుకు లెక్క రోజుల్లో, ఫిర్యాదుకు లెక్క క్యాలెండరు నెలలో. ఉదాహరణకు బ్యాంకు మెమో జూన్ 3న అందితే నోటీసుకు జూలై 3 ఆఖరు. నోటీసు జూన్ 25న అందిందనుకోండి, 15 రోజులు జూలై 10తో అయిపోతాయి, జూలై 11న కేసుకు కారణం పుడుతుంది, అక్కడి నుంచి నెల. డైరీలో ఈ ఆఖరి తేదీలు రాయకండి. ప్రతిదానికీ పది రోజుల ముందు తేదీ రాయండి. ఆఖరి తేదీ గుమాస్తాకు తెలిస్తే ఆ రోజుకే ఫైలింగు అవుతుంది, ఇది మానవ స్వభావం.

రెండో భాగం ఎదుటివాడు ఎవరన్నది. చెక్కు మీద "శ్రీ ఫలానా ట్రేడర్స్" అని ఉంటుంది. అది ఒక్కడి వ్యాపారమా, భాగస్వామ్యమా, కంపెనీయా? కంపెనీ అయితే కంపెనీని ముద్దాయిగా చేర్చకుండా డైరెక్టరు మీద మాత్రమే కేసు నిలవదని 2012లోనే తేలింది. జీఎస్టీ పోర్టల్లో ఆ వ్యాపారి జీఎస్టీ నంబరు కొడితే వ్యాపారం ఏ రకానిదో కనిపిస్తుంది. రెండు నిమిషాల పని. ఆ పేజీ ప్రింటు తీసి కట్టలో పెట్టండి.

మూడో భాగంలో ప్రశ్నలు. ఇవి క్రాస్‌లో (మన సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఎదుటి ప్లీడరు అడగబోయేవే, మనం ముందే అడుగుతున్నాం.

అప్పు నగదుగా ఇచ్చారా, బ్యాంకు ద్వారానా? 20,000 మించి నగదు ఇచ్చారా? అంత డబ్బు మీ దగ్గర ఉందని చూపించే ఐటీ రిటర్ను, బ్యాంకు స్టేట్‌మెంటు, పంట అమ్మిన కాటా చీటీ ఏమైనా ఉన్నాయా? చెక్కు ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చాడా, నింపింది ఎవరు? చెక్కు ఇచ్చాక ఏమైనా కట్టాడా?

ఈ ఆఖరి ప్రశ్నకు కక్షిదారు వెంటనే నిజం చెప్పడు. "ఏదో యాభై వేలు ఇచ్చాడు లెండి, అది వడ్డీకి పోయింది" అని మూడోసారి అడిగితే బయటపెడతాడు. మధ్యలో కట్టిన మొత్తాన్ని చెక్కు మీద చెల్లు (ఇంత ముట్టిందన్న రాత) రాయకుండా పూర్తి మొత్తానికి చెక్కు వేస్తే కేసు పోయే ప్రమాదముందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసులో అడిగే అంకె చెక్కు మీది అంకెతో సరిపోవాలని, టైపింగులో తప్పు పడిందన్నా కుదరదని 2025లో చెప్పింది. కాబట్టి మీ నోటీసు నమూనాలో ఆ అంకె ఒక్కచోటే కొట్టేలా, మిగతా చోట్లకు అదే వెళ్ళేలా పెట్టుకోండి. వర్డులో మెయిల్ మెర్జ్ చేయగల జూనియర్ ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు, అడగడం లేదు అంతే.

నమూనాలు ఒకసారి చేసి పదేళ్ళు వాడేవి కావు. పాత నోటీసుల్లో "రిజిస్టర్డ్ పోస్టు ద్వారా" అని అచ్చయి ఉంటుంది, 2025లో అది స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. 2024 జూలై 1 నుంచి సాక్ష్య చట్టం కొత్తది, కాబట్టి వాట్సాప్ చాటింగు దాఖలు చేసేటప్పుడు పాత చట్టం 65బి సెక్షను అని కొట్టడం మానేసి కొత్త చట్టం 63వ సెక్షను కింద రెండు భాగాల సర్టిఫికెట్టు పెట్టాలి. పోస్టల్ ట్రాకింగు పేజీని నోటీసు అందిన వారంలోనే ప్రింటు తీయండి, కొన్నాళ్ళు పోయాక వెతికితే దొరకదు. ప్రతి జనవరిలోనూ, జూలైలోనూ నమూనాలన్నీ ఒకసారి చదివే బాధ్యత ఒకరి పేరున రాయండి.

యాక్సిడెంట్ ఆఫీసుకైతే కాగితం బదులు ఎక్సెల్ షీటు ఉపయోగం. ఆటోనగర్‌లో 34 ఏళ్ళ లారీ డ్రైవరు, నెలకు 18,000, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఏడాదికి 2,16,000. నలభై లోపు వయసు, పర్మినెంటు ఉద్యోగం కాదు కాబట్టి భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలిపితే 3,02,400. ఆధారపడ్డవాళ్ళు నలుగురు కాబట్టి సొంత ఖర్చులకు నాలుగో వంతు తీస్తే 2,26,800. 31 నుంచి 35 ఏళ్ళ వయసుకు గుణకం, అంటే ఈ ఏడాది మొత్తాన్ని హెచ్చవేసే అంకె, 16. మొత్తం 36,28,800. దీనికి అంత్యక్రియల ఖర్చు, ఆస్తి నష్టం, కుటుంబ సాంగత్యం కింద ఇచ్చేవి కలుపుతారు, ఆ మొత్తాలు మూడేళ్ళకోసారి పది శాతం పెరుగుతాయి. 2009, 2017 సుప్రీంకోర్టు తీర్పులు ఈ లెక్కను స్థిరపరిచాయి. వయసు, జీతం, మనుషుల సంఖ్య కొడితే జవాబు వచ్చే షీటు మీ దగ్గర ఉంటే లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్సు వాళ్ళు 20 లక్షలంటే ఎక్కడ తగ్గించారో అప్పటికప్పుడు వేలుపెట్టి చూపించగలరు. ఏడాదికి రెండు క్లెయిములు చేసేవాడు "ఇంకాస్త పెంచండి సార్" అనగలడు, అంతే.

2022 ఏప్రిల్ 1 నుంచి ఈ క్లెయిములకు ఆరు నెలల గడువు చట్టంలో చేరింది. దాన్ని సవాలు చేస్తూ కేసులు వెళ్ళాయి, ఆ వాదనలు ఎలా ఉన్నా మీ ఆఫీసు మాత్రం ఆరు నెలలనే పట్టుకుని పనిచేయాలి.

పని పంచడం

చాలా ఆఫీసుల్లో జూనియర్లను కోర్టుల వారీగా పంచుతారు: నువ్వు మొదటి అంతస్తు, నువ్వు రెండో అంతస్తు. దానివల్ల ఏ కేసు కథా ఎవరికీ పూర్తిగా తెలియదు. కేసుల వారీగా పంచండి. ఒక కేసు నోటీసు నుంచి తీర్పు దాకా ఒకే జూనియర్‌ది. ఒకే రంగం కాబట్టి అన్ని కేసులూ ఎలాగూ అదే హాల్లో ఉంటాయి, పరుగు ఉండదు. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు చూసుకోవడానికి కట్ట మొదటి పేజీలో సగం పేజీ సారాంశం తప్పనిసరి.

నోటీసులు, నకళ్ళ అప్లికేషన్లు, సమన్ల ప్రాసెస్ ఫీజు కట్టడం, సమన్లు అందాయో లేదో కనుక్కోవడం గుమాస్తా పని. అనుభవమున్న గుమాస్తాకు కోర్టు ఆఫీసులో ఏ సీటు దగ్గర ఏ కాగితం ఆగిందో తెలుస్తుంది. ఆ పని జూనియర్‌తో చేయిస్తే అతను నేర్చుకునేదీ లేదు, పనీ కాదు.

ఒకే రకం కేసులు చేస్తే జూనియర్ విసిగిపోయి వెళ్ళిపోతాడన్న భయం నిజమే. అతని కట్టల్లోనే ఆరు నెలలకోసారి అతను ఎక్కువగా చేసే దశ మార్చండి. ఇన్నాళ్ళూ డ్రాఫ్టింగు ఎక్కువ చేసినవాడిని తన కేసుల్లోనే క్రాస్‌కి పంపండి. అతని కుటుంబంలో వచ్చిన కేసు వేరే రంగానిదైనా అతని పేరున, అతని సమయంలో చేసుకోనివ్వండి. డబ్బు విషయంలో కూడా ఒక మాట: పట్టణాల్లో జూనియర్‌కు నెలకు 20,000 ఇవ్వమని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫారసు చేసింది. అది తప్పనిసరి కాదు, మన దగ్గర చాలామంది దాని దరిదాపుల్లో లేరు. కానీ ఒక రంగంలో రెండేళ్ళు తయారైన జూనియర్ వెళ్ళిపోతే మీ నమూనాలన్నీ అతనితో పక్క వీధికి వెళ్తాయి. పెట్రోలు డబ్బులిచ్చి ఆపలేరు.

ఫీజు

దశల వారీగా ముందే రాసివ్వండి. నోటీసుకు ఇంత, ఫిర్యాదు వేయడానికి ఇంత, సాక్ష్యానికి ఇంత, వాదనలకు ఇంత. ఒకే రంగం చేస్తున్నప్పుడు ఏ దశకు ఎంత సమయం పడుతుందో మీకు తెలుసు కాబట్టి ధైర్యంగా చెప్పగలరు. బేరం కూడా తగ్గుతుంది. గెలిస్తే ఇంత శాతం అన్న ఒప్పందం మాత్రం వద్దు. ఫలితాన్ని బట్టి ఫీజు, వచ్చిన డబ్బులో వాటా రెండూ నియమాలకు విరుద్ధం. డ్రైవరు భార్య దగ్గర ఇప్పుడు డబ్బు లేకపోతే మొదటి దశ ఫీజు తక్కువ పెట్టి మిగతా దశలకు గడువివ్వండి. మొత్తం మాత్రం అంకెల్లోనే ఉండాలి.

ఎలా తెలుస్తుంది

మూడు నెలలకోసారి ఒక్క అంకె చూస్తే చాలు: మనవల్ల పడ్డ వాయిదాలు. జడ్జిగారు సెలవు, సాక్షి రాలేదు, సమన్లు తిరిగొచ్చాయి, ఇవి మన చేతిలో లేవు. "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు" అని జూనియర్ చెప్పి తెచ్చుకున్న వాయిదాలు మనవి. మొదటి డైరీ లెక్కలో వాటి సంఖ్య ఉంది కదా, దానితో పోల్చండి. అది తగ్గకపోతే మీరు రంగం కుదించలేదు, మాటల్లో మాత్రమే కుదించారు. ఎవరి మొహమాటానికో ఒప్పుకున్న కేసులు ఎక్కడో ఉంటాయి, వెతకండి.

రెండో రంగం పక్కింటిదై ఉండాలి

ఒక్క చట్టం మీదే బతికితే ఆ చట్టం మారిన రోజు ఇబ్బంది. కాబట్టి రెండోది ఒకటి ఉండాలి, కానీ మొదటిదాని కాగితాలతోనే నడిచేది కావాలి. చెక్కు కేసులవాళ్ళకు నోటు దావాలు, వ్యాపార బకాయిల దావాలు సహజం. అదే కక్షిదారు, అదే లెడ్జరు, అదే సాక్షి. వ్యాపార బకాయి 3 లక్షలు, అంతకు మించి ఉంటే వాణిజ్య కోర్టు చట్టం కిందికి వస్తుంది. అత్యవసర ఉత్తర్వు కోరకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. ప్రతివాది తరఫున ఉంటే సమన్లు అందిన 120 రోజులు దాటాక జవాబు దావా తీసుకునే అధికారం కోర్టుకే లేదు. మామూలు సివిల్ దావాలా అనుకుని నింపాదిగా ఉండేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. యాక్సిడెంట్ ఆఫీసుకు ఇన్సూరెన్సు మీద వినియోగదారుల కేసులు అలాంటివే. పాలసీ కాపీ చదవడం వచ్చు, సర్వేయరు రిపోర్టు చదవడం వచ్చు, గడువు రెండేళ్ళు.

చెక్కు, నోటు రెండూ చూసేవాళ్ళు మొదటి రోజు కాగితంలో ఇంకో గడి పెట్టుకోవాలి: నోటు తేదీ, దాని వెనక ఆఖరి చెల్లు తేదీ, ఆ రెండిటిలో తర్వాతిదాని నుంచి మూడేళ్ళు నిండే రోజు. చెల్లు మూడేళ్ళ లోపల రాసిందేనా, కింద కట్టినవాడి సంతకం ఉందా అన్నది కూడా అప్పుడే చూడండి. మేజిస్ట్రేటు కోర్టులో చెక్కు కేసు నడుస్తోంది కదా అని కక్షిదారు ధీమాగా ఉంటాడు. అది నడుస్తున్నంత మాత్రాన దావా గడువు ఆగదు. ఆ తేదీకి రెండు నెలల ముందు కక్షిదారును పిలిపించి, కోర్టు ఫీజు ఎంతవుతుందో చెప్పి, దావా వేస్తాడో లేదో సంతకంతో రాయించుకుని కట్టలో పెట్టండి.